బుజుర్గుల దర్ద్‌కు ఒక తారీఖ్ ఉంది



మన ఇళ్లల్లో ముసలివాళ్ల నొప్పి గురించి రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి, "ఉమర్ కా తఖాజా హై." వయసు మీద పడ్డాక నొప్పులు రాకుండా ఉంటాయా అని. రెండోది, "సబర్ కరో." ఈ రెండూ చెప్పేసి మన పనుల్లో మనం పడిపోతాం. మంచం మీది మనిషి మాత్రం రాత్రంతా గోడవైపు తిరిగి మూలుగుతూనే ఉంటారు.

ఇప్పుడు ఆ మంచం చాలామందికి ఇంట్లో కూడా లేదు. కొడుకులు గల్ఫ్‌లో, బెంగళూరులో, హైదరాబాదులో. కూతుళ్లు అత్తారిళ్లలో. కర్నూలులోనూ కడపలోనూ వృద్ధాశ్రమాలు వచ్చాయి. వాటిలో మన బుజుర్గులూ ఉన్నారు. చెప్పుకోడానికి మనకు షరమ్, కాబట్టి చెప్పుకోం. చెప్పుకోం కాబట్టి అక్కడ వాళ్ల నొప్పికి ఏం చేస్తున్నారని అడగం.

అందుకే ఈసారి నవాబుల జంగ్‌లు, కోటలు పక్కనపెట్టి, నొప్పి తారీఖ్ రాస్తున్నాను. నొప్పి తగ్గించే ఇల్మ్ మన చేతుల్లోనే ఉండేది. అది ఎలా జారిపోయిందో తెలిస్తే, మళ్లీ ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఇబ్నె సీనా లెక్కపెట్టిన నొప్పులు

సుమారు 1025 నాటికి ఇబ్నె సీనా 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' పూర్తిచేశాడు. అందులో నొప్పిని ఒకే ముద్దగా చూడలేదు, 15 రకాలుగా విడదీశాడు. గుచ్చే నొప్పి, నొక్కే నొప్పి, సాగదీసే నొప్పి, చీల్చే నొప్పి, విరిచే నొప్పి, తొలిచే నొప్పి, నాడిలాగా కొట్టుకునే నొప్పి, బరువు నొప్పి, తిమ్మిరి నొప్పి, అలసట నొప్పి... ఇలా. ఏ రకమో తెలిస్తేనే ఎక్కడినుంచి వస్తుందో తెలుస్తుందని ఆయన లెక్క. మనకు ఇది కొత్త సంగతేం కాదు. మన సీమ తెలుగులో సలుపు వేరు, పోటు వేరు, గుంజుడు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. మన దక్నీలో టీస్ వేరు, జలన్ వేరు, చుభన్ వేరు. వీటన్నిటినీ ఒక్క 'పెయిన్' అనే మాటలో కలిపేసింది ఈ జమానానే. మెల్జాక్ అనే సైంటిస్టు 1975లో రోగులు నొప్పికి వాడే మాటలనే పోగుచేసి ఒక ప్రశ్నాపత్రం తయారుచేశాడు. నొప్పి తీరును రోగి మాటల్లోనే పట్టుకోవాలనే ఆలోచన అప్పటికి తొమ్మిదిన్నర వందల ఏళ్ల పాతది.

ఇలాజ్ గురించి ఇబ్నె సీనా చెప్పింది ఇంకా విలువైంది. ముందు నొప్పికి కారణాన్ని తొలగించు. కుదరకపోతే మెత్తబరిచే, ఊరటనిచ్చే మందులు వాడు. మొద్దుబార్చే మందులు, అంటే అఫీమ్ లాంటివి, ఆఖరుకు, చాలా ఎహ్‌తియాత్‌తో. మందులే కాదు, నెమ్మదిగా నడవడం, మనసుకు నచ్చే సంగీతం వినడం, ఇష్టమైన పనిలో మునగడం కూడా నొప్పిని తగ్గిస్తాయన్నాడు. అదే కితాబులో ముసలివాళ్ల సంరక్షణకు ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. యునానీ హకీములు దాన్ని 'తద్‌బీరె మషాయిఖ్' అంటారు. నూనెతో మాలిష్, ఒళ్లు వెచ్చగా ఉంచడం, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తిండి, మలబద్ధకం రానివ్వకపోవడం, ఇవన్నీ అందులోని సంగతులే. అంటే ముసలితనం సహజమే అయినా, ముసలివాళ్ల తక్లీఫ్‌ను పట్టించుకోకపోవడం సహజం కాదని వెయ్యేళ్ల కిందటే మనవాళ్లు అనుకున్నారు.

దారుష్షిఫా నుంచి సీమ దాకా

ఈ ఇల్మ్ కితాబుల్లోనే ఉండిపోలేదు. దమిష్క్‌లో 1154లో నూరుద్దీన్, ఖాహిరాలో 1284లో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన బీమారిస్తాన్‌లు వఖ్ఫ్ ఆస్తుల ఆమ్‌దానీతో నడిచాయి. ఆ రివాజే దక్కన్‌కూ వచ్చింది. ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా 1595లో హైదరాబాదులో దారుష్షిఫా కట్టించాడు. ఈరోజుకీ ఆ మహల్లా పేరు అదే.

హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ గుంబజ్ ఉన్న కర్నూలు, మయానా నవాబుల కడప కూడా ఆ దక్కన్ తహ్‌జీబ్‌లో భాగమే. యునానీ వైద్యం ఈ సీమలో అలా వేళ్లూనుకుంది. కీళ్ల నొప్పిని హకీములు 'వజావుల్ మఫాసిల్' అంటారు. దానికి వాళ్ల ముఖ్యమైన మందు సూరింజాన్. ఆ మొక్క జాతి గడ్డలోంచే 1820లో యూరప్ కెమిస్టులు కాల్చిసిన్ విడదీశారు. గౌట్ నొప్పికి డాక్టర్లు ఈరోజుకీ రాసిచ్చే మాత్ర అదే. హకీం చేతి మందును నాటు మందు అని తీసిపారేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అట్లాగని లేబుల్ లేని ప్రతి పొట్లమూ మందు అయిపోదు. కాల్చిసిన్ కొంచెం ఎక్కువైతే ప్రాణం తీస్తుంది. ఆ మోతాదు తెలిసినవాడే హకీం.

మన కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరుమీద యునానీ మెడికల్ కాలేజీ ఉంది. 1947లో ఉస్మానియా కాలేజీ పెట్టి సీమ ముస్లిం పిల్లలకు చదువు దారి చూపించిన బుజుర్గ్ ఆయనే. హకీమీ తారీఖ్‌కు కర్నూలులో ఇంకా సాంస ఆడుతోందంటే దానికి ఆ కాలేజీ ఒక నిషానీ.

నల్లమందు అంగడి

1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. కర్నూలు నవాబీ మరికొంత కాలం సాగి, 1839లో గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీ గద్దె దింపడంతో ముగిసింది. రాజ్యంతోపాటు మందు పెత్తనం కూడా మారింది. బెంగాల్లో నల్లమందు వ్యాపారం మీద కంపెనీ 1773లోనే గుత్తాధిపత్యం తీసుకుంది. 1820లో గాజీపూర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. చైనాకు ఓడలకొద్దీ పంపింది. 1878 అఫీమ్ చట్టంతో పంట, నిల్వ, అమ్మకం అన్నీ సర్కారు లైసెన్సు కిందికి వచ్చాయి. హకీం తూచి ఇచ్చే మందు, సర్కారు ఖజానాకు ఆమ్‌దానీ అయింది.

ఇంగ్లండులో దీనిమీద గొడవ లేచి 1893లో రాయల్ కమిషన్ వేశారు. 1895లో రిపోర్టు ఇచ్చింది. రెవెన్యూ కాపాడుకోడానికి సర్కారు రాయించుకున్న రిపోర్టని అప్పుడే విమర్శలొచ్చాయి. కానీ దానిముందు చాలామంది చెప్పిన ఒక మాట మనకు కావాలి. నడివయసు దాటినవాళ్లు కీళ్ల నొప్పులకు, దగ్గుకు, విరేచనాలకు చిన్న మోతాదులో నల్లమందు వేసుకోవడం హిందుస్తాన్‌లో మామూలు రివాజని. అంటే డాక్టరు అందని ఊళ్లలో ముసలివాళ్లకు ఉన్న ఒకే ఒక్క పెయిన్‌కిల్లర్ అది. అలవాటు పడి ఇళ్లు గుల్ల చేసుకున్నవాళ్లూ ఉన్నారు. ఏడవకుండా పడుకోవాలని పసిపిల్లలకు నల్లమందు పెట్టిన తల్లులూ ఉన్నారు. మేలూ కీడూ ఒకే గోలీలో ఉన్నాయి.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో ఒక నిర్ణయం జరిగింది. వైద్యానికి కాకుండా నల్లమందు తినడాన్ని పదేళ్లలో, 1959 నాటికి, ఆపెయ్యాలని. నషా అంగళ్లు మూతపడటం సబబే. కానీ ఆ గోలీ మీద ఆధారపడ్డ ముసలివాళ్ల నొప్పికి దాని బదులు ఏమివ్వాలన్న సవాల్ ఎవరూ వెయ్యలేదు.

అఫ్జల్‌గంజ్ క్లోరోఫాం

ఇదే కాలంలో పొరుగున హైదరాబాదులో దునియా అంతా చూసిన ఒక పని జరిగింది. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో మొదట్లో డాక్టరీ చదువు చెప్పింది ఉర్దూలోనే. ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ అఫ్జల్‌గంజ్ దవాఖానాలో ఆపరేషన్లకు క్లోరోఫాం ఇచ్చేవాడు. దానివల్ల అప్పుడప్పుడు మనుషులు చనిపోతున్నారని అన్నిచోట్లా భయం ఉండేది. కారణం తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఖర్చు నిజాం మహబూబ్ అలీ ఖాన్ సర్కారుది. లండన్ నుంచి లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టర్‌ను పంపింది. ఆ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ వనిత క్లోరోఫాం ఇవ్వడంలో నిపుణురాలై, మత్తు డాక్టర్లలో తొలి మహిళగా పేరు తెచ్చుకుంది. కమిషన్లు తేల్చినదాంట్లో కొంత తప్పని తర్వాత రుజువైంది. క్లోరోఫాం గుండెను కూడా ఆపగలదు. అయినా, పరాయి మనిషి నొప్పిని తగ్గించడానికి ఒక దక్కన్ పాదుషా ఖజానా తెరిచాడన్నది చిన్న సంగతి కాదు.

కాకపోతే ఈ ఇల్మ్ అంతా ఆపరేషన్ టేబుల్ మీది గంట నొప్పికి. మంచం మీది పదేళ్ల నొప్పికి ఇంకా వంతు రాలేదు.

1985 తర్వాత

నల్లమందులోంచి మార్ఫిన్‌ను 1805 ప్రాంతంలో సెర్ట్యూర్నర్ అనే జర్మన్ కుర్రాడు విడదీశాడు. అప్పుడతను మందుల అంగట్లో పని నేర్చుకుంటున్నాడు. మొదటిసారి మోతాదు కచ్చితంగా కొలవగల నొప్పి మందు దొరికింది. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. నొప్పి వచ్చాక ఇవ్వడం కాదు, రాకముందే గడియారం చూసుకుని ఇవ్వాలని చూపించింది. నొప్పిలో ఒంటి బాధతోపాటు మనసు బాధ, ఒంటరితనం, రూహానీ బేచైనీ కూడా కలిసి ఉంటాయని చెప్పింది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల పద్ధతి ప్రకటించింది. చిన్న మందుతో మొదలుపెట్టి, చాలకపోతే మార్ఫిన్ దాకా వెళ్లమంది.

సరిగ్గా ఆ సమయంలోనే మన దేశంలో తలుపు మూసుకుంది. 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. నషా వ్యాపారం ఆపడానికి కఠిన సజాలు పెట్టారు. ఒక దవాఖానా మార్ఫిన్ ఉంచుకోవాలంటే రకరకాల మహకమాల నుంచి వేర్వేరు లైసెన్సులు, అన్నీ ఒకేసారి చెల్లుబాటులో ఉండాలి. కాగితంలో చిన్న తప్పు దొర్లినా జైలు భయం. డాక్టర్లు మందు రాయడమే మానేశారు. 1985లో వందల కిలోల్లో ఉన్న దేశం వాడకం 1997 నాటికి 18 కిలోలకు పడిపోయింది. దానికన్నా పెద్ద నష్టం, మార్ఫిన్ ఇవ్వడమే తెలియని డాక్టర్ల తరం ఒకటి తయారవడం. విచిత్రం చూడండి, చట్టబద్ధంగా నల్లమందు పండించి ప్రపంచానికి ఎగుమతి చేసే దేశం మనదే. గాజీపూర్ ఫ్యాక్టరీ ఈరోజుకీ నడుస్తోంది.

2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మార్ఫిన్‌తో కలిపి ఆరు మందులను 'అత్యవసర' జాబితాలో పెట్టి, గుర్తింపు పొందిన దవాఖానాకు రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ శాఖ ఒక్కటే అనుమతిస్తే చాలన్నారు. చట్టం మారింది, భయం మారలేదు. 2017లో లాన్సెట్ కమిషన్ లెక్క ప్రకారం మన దేశంలో అవసరమైన నొప్పి మందులో సుమారు 4 శాతమే అందుతోంది. అమెరికాలో దీనికి ఉల్టా జరిగింది. 1996 తర్వాత కంపెనీలు లాభం కోసం ఈ జాతి మాత్రలను చిన్న నొప్పులకు కూడా పంచిపెట్టి లక్షల కుటుంబాలను తబాహ్ చేశాయి. ఒకచోట హద్దు లేకుండా, ఒకచోట చుక్క లేకుండా. ఇబ్నె సీనా చెప్పిన ఎహ్‌తియాత్ రెండు చోట్లా లేదు.

మలప్పురం దారి

ఈ చీకట్లో ఒక చిరాగ్ కేరళలో వెలిగింది. 1993లో కాలికట్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్, వాళ్ల సాథీలు నొప్పి క్లినిక్ మొదలుపెట్టారు. అది మలప్పురం జిల్లాకు పాకింది. మలప్పురం ముస్లింలు ఎక్కువగా ఉన్న జిల్లా. అక్కడ అంగళ్లవాళ్లు, స్కూలు పిల్లలు, గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు చిన్నచిన్న చందాలు వేసుకున్నారు. మామూలు మనుషులే తర్బియత్ తీసుకుని, నర్సుతో కలిసి ఇంటింటికీ పోయి మంచాన పడ్డవాళ్లను చూసుకున్నారు. ఆ అనుభవం మీద 2008లో కేరళ సర్కారు దేశంలోనే మొదటి పాలియేటివ్ కేర్ పాలసీ తెచ్చింది. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానాలో కూడా ఈ ఖిద్మత్ నడుస్తోంది.

గల్ఫ్ డబ్బు మన కర్నూలుకు, కడపకు, రాయచోటికి రాలేదా? వచ్చింది. షాదీఖానాలు కట్టాం, మసీదులకు మినార్లు లేపాం. అల్లా ఖబూల్ చేయుగాక. మంచాన పడ్డ మనిషి దగ్గరికి పోయే ఒక నర్సుకు జీతం మాత్రం మన చందాపుస్తకంలో ఇంకా ఎక్కలేదు.

సబర్ ఎవరిది?

బయానుల్లో ఉర్వా ఇబ్నె జుబైర్ ఖిస్సా వింటుంటాం. కాలు తీసేటప్పుడు మత్తు మందు వద్దన్నారని రివాయత్. అది ఆయన తన ఒంటికి తాను ఎంచుకున్న సబర్. ఇంకొకరి ఒంటికి మనం ఎంచేది సబర్ అవుతుందా? ఐయూబ్ అలైహిస్సలాం సబర్‌కు మిసాల్, ఆయన కూడా తన తక్లీఫ్‌ను అల్లా ముందు చెప్పుకున్నారు. నొప్పిని పైకి చెప్పుకోవడం సబర్‌కు విరుద్ధం కాదు. ఇలాజ్ చేయించుకోమన్నది మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం తాలీమే.

మార్ఫిన్ నషా కదా, హరాం కదా అని అడిగేవాళ్లున్నారు. జరూరత్ అనే ఉసూల్ ఫిఖ్‌హ్‌లో ఉండనే ఉంది. వేరే దారి లేని నొప్పికి, తెలిసిన డాక్టర్ కొలిచి ఇచ్చే మందుకూ, నషా కోసం తినే గోలీకీ తేడా మన ఉలమాకు తెలుసు. షక్ ఉంటే వెళ్లి అడగండి. అడగకుండా అమ్మను మూలగనివ్వడం మాత్రం తఖ్వా కాదు.

వృద్ధాశ్రమంలో ఏం చూడాలి

ఒకసారి ఒక ఆశ్రమంలో చూశాను. మతిమరుపు ముదిరిన ఒక పెద్దావిడ, నేర్చుకున్న తెలుగంతా పోయి చిన్ననాటి దక్నీ మాత్రమే మిగిలింది. పాదాలు చూపించి "జల్‌రా, జల్‌రా" అంటోంది. ఆయమ్మ మంచి మనిషి, పరుగున పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆవిడ అడిగింది జలం కాదు, షుగర్ వల్ల అరికాళ్ల మంట. జబాన్ తెలియకపోతే నొప్పి కూడా తర్జుమా కాదు. కాబట్టి మొదటి పని, మన బుజుర్గులు నొప్పికి వాడే పది మాటలు కాగితం మీద రాసి మంచం పక్కన అంటించండి.

మాటే పోయినవాళ్లకు ఇంకో దారి ఉంది. 2003లో అమెరికాలో మతిమరుపు రోగుల కోసం ఒక కొలమానం తయారుచేశారు. ఐదు సంగతులు చూస్తారు. శ్వాస ఎలా ఉంది, మూలుగు ఉందా, ముఖం చిట్లిస్తున్నారా, ఒళ్లు బిగబట్టారా, దగ్గరికి తీసుకుంటే నెమ్మదిస్తారా. ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు, మొత్తం 10. దీనికి మిషన్ అక్కర్లేదు, కళ్లు చాలు. స్నానం చేయించేటప్పుడు తిట్టే, కొట్టే ముసలివాళ్లను పిచ్చి అనుకుంటాం. చాలాసార్లు అది భుజం నొప్పి.

రెండోది, సూదిమందులు. నొప్పి అనగానే డైక్లోఫెనాక్ సూది వేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. పశువులకు ఈ మందు వేస్తే, ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై లక్షల్లో చచ్చాయి. అందుకే 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. మనుషులు రాబందులు కాదు నిజమే, కానీ ముసలితనం, షుగర్, బీపీ, మన సీమ ఎండల్లో తక్కువ నీళ్లు, ఇవన్నీ కలిసిన కిడ్నీకి ఆ జాతి మందు రోజూ పడితే ప్రమాదమే. పారాసిటమాల్‌ను డాక్టర్ చెప్పిన మోతాదులో వేళకు ఇస్తే చాలా నొప్పులు తగ్గుతాయి. నొప్పి పెరిగాక ఒకేసారి సూది వెయ్యడంకన్నా అది మేలు.

ఇంకొన్ని అడగండి. నొప్పి ఎంత ఉందో రోజూ రాసే పుస్తకం ఉందా? వజూకు, స్నానానికి, పుండుకు కట్టు మార్చడానికి అరగంట ముందే మందు ఇస్తున్నారా? మార్ఫిన్ జాతి మందు ఇస్తుంటే మలబద్ధకానికి కూడా మందు ఇస్తున్నారా? వారానికి రెండుసార్లైనా గోరువెచ్చని నూనెతో మాలిష్ చేసేవాళ్లున్నారా? కుర్చీలో కూర్చుని నమాజ్ చదువుకోడానికి చోటుందా? అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తే చేసేవాళ్లు కూడా చేస్తారు.

కర్నూలు, కడప మహల్లాల నౌజవాన్లకు ఒక గుజారిష్. ఈ రమజాన్‌లో చందా, సదఖా పోగుచేసేటప్పుడు ఒక నర్సు, ఒక ఆటో, వారానికి రెండు రోజులు అని లెక్క వేసి చూడండి. మతం అడక్కుండా మంచాన పడ్డ ప్రతి ఇంటికీ పోవాలి, ఆశ్రమాలకూ పోవాలి. మలప్పురంలో మొదలైంది ఇంతే చిన్నగా.

మన బుజుర్గుల దర్ద్‌ను అల్లా ఆసాన్ చేయుగాక, ఆ ఖిద్మత్‌కు మనల్ని ఎంచుకొనుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.